పాత వ్యానుకు చెవి ఒగ్గి వింటే

(విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆదివారం ఉదయం, సొంత వ్యానుల్లో ఊళ్లు తిరిగే కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచి, మధ్యలో వచ్చిన ప్రశ్నలను కూడా కలిపాం.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త తగ్గించు బాబూ. రొద తగ్గించడం గురించి చెప్పడానికి వచ్చినవాడే చెవులు చిల్లులు పడేలా మాట్లాడితే ఏం బాగుంటుంది? వెనక వరుసకు వినబడుతోందా? సరే.

నేను ఇంజనీరును కాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్ఫై ఏళ్లు లెక్కలు రాశాను. పని మానేశాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి, పెళ్లి బృందాలను మోసి మోసి అలిసిపోయిన పదమూడు సీట్ల డీజిల్ వ్యానొకటి కొన్నాను. సీట్లు తీయించి ఒక మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించాను. సీట్లు తీసి మంచం వేసే పనికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోండి. ఈ రోజు మన సంగతి అది కాదు కాబట్టి అంతటితో వదిలేస్తున్నాను.

మొదటి ప్రయాణం సూర్యలంక బీచికి. పొన్నూరు దాటుతుండగా పక్క సీట్లోంచి మా ఆవిడ ఏదో చెప్పింది. "ఆఁ?" అన్నాను. మళ్లీ చెప్పింది. మళ్లీ "ఆఁ?" అన్నాను. మూడోసారి చెప్పడం మానేసి కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. బాపట్ల చేరాక తెలిసింది, గ్యాసు స్టవ్వు లైటరు, అన్నం గిన్నె ఉన్న సంచి ఇంట్లో గుమ్మం దగ్గరే మరిచిపోయామట. ఆ మాటే పొన్నూరులో చెప్పిందట. అప్పుడే వెనక్కి తిరిగి ఉంటే సగం దూరమైనా కలిసొచ్చేది. ఆ రోజు హోటల్లో తిన్నాం, మాటల్లేకుండా. (నవ్వులు)

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, డబ్బు ఖర్చు కాకుండా పని జరగాలనే గుమస్తా బుద్ధితో చేసిన పని. యార్డులో పాత గోనె సంచులకు కరువు ఉండదు కదా. నలభై సంచులు తెచ్చి, లోపలి గోడల ప్లైవుడ్డు విప్పించి, రేకుకూ ప్లైవుడ్డుకూ మధ్య కుక్కించాను. ఎన్నిసార్లు దులిపినా మిర్చి సంచి మిర్చి సంచే. ఎండలో వ్యాను నిలబెట్టి, సాయంత్రం తలుపు తీసి ఫ్యాను వేసేసరికి ఘాటు గుప్పుమంది. మనవరాలికి ఆగకుండా ఇరవై తుమ్ములు. మర్నాడే సంచులన్నీ పీకించాను. శబ్దం ఏమైనా తగ్గిందా అని అడుగుతారేమో, తుమ్ముల మధ్య గమనించలేదు.

అప్పుడు ఈ ఆటోనగర్‌కే వచ్చాను. లారీ బాడీలు కట్టడంలో చేయి తిరిగిన ఒక మేస్త్రీ గారిని కలిశాను. పేరు చెప్పవద్దన్నారు, ఆయన ఈ హాల్లోనే ఎక్కడో కూర్చున్నారు. "చాలా రొదగా ఉంది మేస్త్రీ గారూ, ఏ షీటు వేస్తే తగ్గుతుంది?" అని అడిగాను. ఆయన షీటు మాట ఎత్తలేదు. "పదండి సార్, వారధి దాకా వెళ్లొద్దాం" అని పక్కన ఎక్కి కూర్చున్నారు. కనకదుర్గ వారధి మీద అడిగారు: "ఎలా మోగుతోంది?" నేను "చాలా గట్టిగా" అన్నాను. "గట్టిగా అంటే నాకేం తెలుస్తుంది సార్? గలగలమంటోందా, ఝుమ్మంటోందా, బుస్సుమంటోందా, కిర్రుమంటోందా?"

ఈ రోజు మీకు చెప్పదలచుకున్నది అసలు ఇదే. శబ్దాలకు పేర్లు పెట్టడంలో మన భాషను మించింది లేదు. గలగల, గరగర, దడదడ, ఝుమ్ము, హోరు, ఖంగు, కిర్రు. ఏ పేరు నోటికొస్తుందో మందు కూడా దాన్ని బట్టే ఉంటుంది. అన్నింటికీ కలిపి "సౌండ్‌ప్రూఫింగ్" అనే ఒకే పేరు పెట్టుకుని దుకాణానికి వెళితే, దుకాణదారు అన్నింటికీ కలిపి ఒకే షీటు అమ్ముతాడు. అతని తప్పేమీ లేదు, మనం అడిగింది అదే.

ముందు గలగల. ఇది వదులుగా ఉన్న వస్తువుల భాష. స్పూన్ల డబ్బా, జాకీ రాడ్డు, కర్టెను రింగులు, ఊడిన స్క్రూ, సొరుగు. ఒకరు బండి నడుపుతుంటే ఇంకొకరు వెనక తిరుగుతూ, అనుమానం ఉన్న ప్రతిదాని మీదా అరచేయి పెట్టి నొక్కాలి. నొక్కగానే ఆగిపోయిందా, దొరికినట్టే. ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా నడుపుతూ, పట్టుకుని నిలబడే ఆసరా ఉన్నప్పుడు మాత్రమే చేయండి. నా వ్యానులో పదకొండు దొరికాయి. పాత ట్యూబు ముక్కలు, స్క్రూలకు వాషర్లు, సొరుగు అంచులకు ఫెల్టు పట్టీలు, ఇంతే మందు. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లలో ఒకటి చిట్లిపోయి, పైపు ఛాసిస్‌కు తగులుతోంది. "దడదడ" అని నేను రాసుకున్నది అదే. ఇంజను మౌంటింగు రబ్బర్లు కూడా ఈ వయసులో గట్టిపడిపోతాయి, ఇంజను వణుకు నేరుగా బాడీకి ఎక్కుతుంది. వాటిని మార్చకుండా లోపల ఎన్ని షీట్లు అతికించినా, కారే కుళాయి కింద నేల తుడుస్తూ కూర్చున్నట్టే.

శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్ సంగతి కూడా కొంచెం. ఫోనులో కొలిచే యాప్‌లు ఉన్నాయి. అవి చూపే అంకెను పట్టుకుని ఎవరితోనూ పందెం కాయకండి, ఫోను మైకు మాటలకు చేసింది. కానీ అదే ఫోను, అదే సీటు మీద, అదే రోడ్డులో, అదే వేగంలో పెడితే నిన్నటికీ ఈ రోజుకూ తేడా నమ్మకంగానే చెబుతుంది. నేను వారధి దాటాక మంగళగిరి వైపు, అద్దాలు మూసి, 60 కిలోమీటర్ల వేగంలో చూసేవాణ్ణి. మొదట 82 వచ్చింది. ఈ అంకెల లెక్క మన మామూలు లెక్క కాదు. 3 తగ్గితే శబ్ద శక్తి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతుకు వచ్చినట్టు. చెవికి మాత్రం 10 తగ్గినప్పుడే సగమైనట్టు అనిపిస్తుంది. అందుకే "మా షీటుతో శబ్దం సగం తగ్గుతుంది" అని ఎవరైనా అంటే, ఏ సగం అని అడగండి.

ఇక బుస్సు, హోరు. ఇవి కంతల నుంచి వస్తాయి. చూడండి, ఇది మా ఇంటి కారప్పొడి స్టీలు డబ్బా. లోపల ఫోను పెట్టి అలారం మోగిస్తున్నాను. మూత గట్టిగా పెట్టాను... ఎంత వినబడుతోంది? ఎక్కడో పక్కింట్లో మోగినట్టు ఉంది. ఇప్పుడు మూతను గోరు పట్టేంత ఎత్తుతున్నాను... చూశారా, ఫోను బయటకు వచ్చేసినట్టే ఉంది. డబ్బా మందం మారలేదు, మూత మారలేదు, గోరంత సందు మాత్రం వచ్చింది. లెక్కలో చెప్పాలంటే, ఎంత గట్టి గోడ అయినా దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. మిగతా తొంభై తొమ్మిది వంతుల మీద మీరు వెండి రేకు తొడిగినా సరే.

రాత్రి పూట చీకట్లో వ్యాను నిలబెట్టి, లోపల ఒకరు టార్చి పట్టుకుని తలుపుల అంచుల వెంట నడవాలి, బయట ఇంకొకరు చూడాలి. వెలుతురు కనిపించిన ప్రతిచోటా శబ్దం, దుమ్ము, వాన నీరు కూడా వస్తాయి. తర్వాత పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు బీడింగు చచ్చిపోయినట్టే. నా పక్క తలుపుకు, వెనక తలుపులకు కొత్త బీడింగు వేయించాను. క్లచ్చి, వైర్లు లోపలికి వచ్చే రంధ్రాలకు గ్రోమెట్లు, అంటే అంచుకు తొడిగే రబ్బరు రింగులు, లేవు, వేయించాను. అన్నిటికంటే పెద్ద దొంగ ఇంజను మూత. ఇలాంటి వ్యానుల్లో ఇంజను సగం డ్రైవరు పక్కకు చొచ్చుకుని ఉంటుంది, దాని మీద ఒక మూత. ఆ మూత చుట్టూ రబ్బరు ఎండి పెళుసెక్కి, ఒక మూల ముక్కే లేదు. వేడిని తట్టుకునే రబ్బరు పట్టీ వేసి, బిగింపు క్లిప్పులు సరిచేసేసరికి, వేడి, డీజిల్ వాసన కూడా తగ్గాయి. ఈ దశ అయ్యేసరికి నా ఫోను 78 చూపించింది. ఖర్చు మూడు వేలు దాటలేదు. షీటు అన్న మాట ఇంకా రాలేదని గమనించండి.

ఇప్పుడు వస్తుంది. ఝుమ్మనేది రేకు. పెద్ద రేకు, మధ్యలో ఆసరా లేనిది, ఇంజను వణికినప్పుడల్లా తానూ వణికి డప్పులా మోగుతుంది. ఈ భోజనం పళ్లెం చూడండి. చెంచాతో కొడుతున్నాను. ఖంగ్... ఎంతసేపు సాగిందో విన్నారా? ఇప్పుడు వెనక వైపు నడిమధ్యన ఈ డ్యాంపింగు షీటు ముక్క, నా అరచేయంత కూడా లేదు, అతికిస్తున్నాను. మళ్లీ కొడుతున్నాను. టక్. అంతే, ప్రాణం పోయింది. పళ్లెమంతా కప్పలేదు, పావు వంతు కప్పాను. బ్యూటైల్ రబ్బరు మీద అల్యూమినియం రేకు ఉండే షీటు ఇది. రేకు వణికినప్పుడు జిగురుగా ఉండే రబ్బరు రెండు లోహాల మధ్య అటూ ఇటూ సాగి, ఆ కదలికను వేడిగా మార్చేస్తుంది. బయటి నుంచి వచ్చే శబ్దాన్ని ఇది ఆపదు, రేకు పాట పాడకుండా నోరు మూయిస్తుంది.

కాబట్టి గోడంతా అతికించే పని లేదు. 2 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు సుమారు 3 కిలోలు ఉంటుంది. మా వ్యాను లోపల రేకు సుమారు 20 చదరపు మీటర్లు. నిండా కప్పితే 60 కిలోలు, అంటే ఎప్పుడూ దిగని ఒక ప్రయాణికుడు. పావు వంతు కప్పితే 15 కిలోలు. ప్రతి రేకునూ వేలి కణుపుతో తట్టండి. మద్దెలలా మోగే చోట, నడిమధ్యన ఒక ముక్క. మోగని చోట వద్దు. చక్రాల పైన లోపలికి ఉబ్బి ఉండే రేకు మీద, ఇంజను వెనక గోడ మీద మాత్రం కాస్త ఉదారంగా ఉండండి. రేకును థిన్నరుతో తుడిచి, తుప్పు ఉంటే గీకి ప్రైమరు వేసి, ఆరాక అతికించి, చిన్న రోలరుతో గాలి బుడగ లేకుండా నొక్కాలి. తలుపుల అడుగున నీళ్లు కారడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటిని కప్పారంటే రెండు వానాకాలాల్లో తలుపు అడుగు తుప్పుపట్టి ఊడి చేతికొస్తుంది.

ఎవరో అడుగుతున్నారు, మేడల మీద వాన నీరు దిగకుండా వేసే తారు షీటు చవక కదా అని. చవకే. మా బావమరిది తన వ్యాను పైకప్పుకు అదే వేశాడు. మే నెల బెజవాడ ఎండలో పైకప్పు రేకు మీద చేయి పెట్టలేం, అది మీకు చెప్పాలా? తారు మెత్తబడి, జారి, ఒక ముక్క సరిగ్గా అతని దిండు మీద పడింది. ఆ వాసన ఆ వ్యానులో ఇప్పటికీ ఉంది. కింద నేలకు వేసినా వాసన తప్పదు. ఆదా చేయాలనుకుంటే షీటు తక్కువ చోట్ల వేయండి, నాసిరకం షీటు ఎక్కువ చోట్ల వేయకండి.

ఈ అమ్మ ప్రశ్న బాగుంది: వాన పడుతుంటే పైకప్పు మీద చినుకుల చప్పుడుకు పిల్లలు లేచిపోతున్నారు, దానికేం చేయాలి? అమ్మా, అది ఖంగు జాతి. పైకప్పు అడ్డపట్టీల మధ్య ఉండే ప్రతి గడికీ నడుమ ఒక డ్యాంపింగు ముక్క, దాని మీద అర అంగుళం నైట్రైల్ రబ్బరు ఫోము. ఏసీ పైపులకు నల్లగా తొడుగుతారే, అదే పదార్థం షీట్లుగా దొరుకుతుంది. నీరు పీల్చదు, ఎండ వేడిని కూడా ఆపుతుంది. చినుకులు వినబడతాయి, కానీ శనగలు పోసినట్టు కాకుండా మామూలు వానలా వినబడతాయి.

కోడిగుడ్ల అట్టలు? (నవ్వులు) ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. నేనూ తెచ్చాను, మా ఆవిడ ఎదుట ఒప్పుకుంటున్నాను. శబ్దాన్ని ఆపడానికి బరువు కావాలి. ఒక మిల్లీమీటరు ఇనుప రేకే చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు. బరువు రెట్టింపు చేస్తే మహా అయితే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గుడ్ల అట్ట, థర్మోకోలు బరువెంత? అంగుళం థర్మోకోలు చదరపు మీటరుకు అర కిలో ఉండదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర తెలుసుగా, చేతిలో పెడితే దూదిలా ఉంటుంది. అలాంటి తేలిక సరుకు బొమ్మలకు గొప్పది, శబ్దం ముందు నిలవదు. థర్మోకోలు పైగా ప్లైవుడ్డుకు రాసుకుని కీచుకీచుమంటుంది. ఉన్న రోగానికి తోడు కొత్త రోగం.

మరి దూది, ఫెల్టు, పాలియెస్టర్ పీచు ఎందుకు? అవి లోపలికి వచ్చేసిన శబ్దం గోడ నుంచి గోడకు తగిలి తిరగకుండా మింగడానికి. మాటలు, టైరు జోరు, గాలి ఈల, వీటికి బాగా పనిచేస్తాయి. ఇంజను మూలుగుకు పనిచేయవు, ఎందుకో చెబుతాను. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 40 చుట్లు, చుట్టుకు రెండు పేలుళ్లు, అంటే 80 హెర్ట్జ్. ఆ శబ్ద తరంగం పొడవు నాలుగు మీటర్లకు పైనే. దాన్ని బాగా మింగాలంటే అందులో పావు వంతు మందం, మీటరుకు పైగా పరుపు, కావాలి. అంత పరుపు వేస్తే వ్యానులో మనం పట్టం. ఆ మూలుగును ఆపేవి ఇంజను రబ్బర్లు, మూత బిగింపు, నేల బరువు.

నేలకు నేను ఖర్చు పెట్టాను. రేకు మీద అక్కడక్కడ డ్యాంపింగు ముక్కలు, దాని మీద మందపాటి ఫెల్టు, దాని మీద ప్లైవుడ్డు, ఆపైన లారీ క్యాబిన్లలో పరిచే బరువైన రబ్బరు మాటు. ప్లైవుడ్డు రేకుకు ఎక్కడా నేరుగా తగలకూడదు, తగిలిందంటే వణుకు ఆ స్క్రూ వెంటే పైకి ఎక్కుతుంది. మేస్త్రీ గారు స్క్రూ పడే ప్రతిచోటా రబ్బరు బిళ్ల పెట్టించారు. అప్పుడు విసుక్కున్నాను, ఇప్పుడు దండం పెడుతున్నాను. గోడల మధ్య పాలియెస్టర్ పీచు నింపాం. నూలు వ్యర్థాల పరుపు గుంటూరులో చవకే, కానీ కృష్ణ ఒడ్డున, సముద్రం పక్కన రాత్రులు గడిపే బండిలో నూలు చెమ్మ పట్టి ముక్కిపోతుంది, ఎలుకలకు పుట్టిల్లు అవుతుంది.

ఏది కొన్నా చిన్న ముక్క తెచ్చి, బయట ఇసుక మీద పెట్టి అగ్గిపుల్ల చూపించండి. మంట తీశాక కూడా తానంతట తాను మండుతూ చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఇంటికి కూడా తీసుకెళ్లకండి. సైలెన్సరు దగ్గర, ఇంజను మూత లోపలి వైపు ఫోము పెట్టవద్దు.

ఇంకొక మాట, దీన్ని మాత్రం నవ్వకుండా వినండి. కంతలన్నీ మూసేస్తే గాలి కూడా రాదు. మూసిన వ్యానులో గ్యాసు స్టవ్వు వెలిగించి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకోవచ్చు, దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంజను ఆన్‌లో ఉంచి నిద్రపోవద్దు. గాలికి కింద ఒక దారి, పైన ఒక దారి ఉంచాలి. మరి ఆ దారిలో శబ్దం రాదా? వస్తుంది, అందుకని దాన్ని తిన్నగా పెట్టకూడదు. చెక్క పెట్టె చేయించి, లోపల రెండు అడ్డుపలకలు ఎదురెదురుగా పెట్టించి, అంతటా ఫెల్టు అంటించాను. గాలి వంకరలు తిరిగి వచ్చేస్తుంది, లారీ హారన్లు ఆ మలుపుల్లోనే చాలావరకు ఆగిపోతాయి.

అద్దాలకు చేయగలిగింది తక్కువ. రాత్రి కోసం కిటికీ కొలతకు సరిగ్గా సరిపోయే పలకలు కుట్టించాను. నల్ల ఫోము, ఫెల్టు, పైన రెగ్జిను, అంచుల్లో అయస్కాంతాలు. సీట్లు కుట్టే దర్జీ ఒక పూటలో కుట్టి ఇచ్చాడు. హైవే పక్కన దాబాల దగ్గర నిద్రపోయే వాళ్లకు ఇదే అన్నిటికంటే ముందు చేయించమని చెబుతాను. ఇళ్లు ఉండే ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని మన నిబంధనల్లో ఉంది. హైవే పక్కన ఆ నిబంధన పుస్తకంలో నిద్రపోతుంది, మనం మాత్రం మేలుకుంటాం.

మొత్తం లెక్క అడుగుతారు. మేస్త్రీ గారి కూలితో కలిపి నాకు 18,400 రూపాయలు అయింది, గోనె సంచులు, గుడ్ల అట్టలు కలపకుండా. ఇప్పుడు అదే రోడ్డు మీద ఫోను 75 చూపిస్తోంది. 82 నుంచి 75 అంటే చిన్న తేడాలా కనిపిస్తుంది, శక్తి లెక్కలో అయిదో వంతుకు వచ్చినట్టు. మొన్న మళ్లీ సూర్యలంక వెళ్లాం. పొన్నూరులో మా ఆవిడ "ఏమండీ, చేబ్రోలు నుంచి ఇండికేటర్ వేసుకునే ఉన్నారు" అంది. మొదటిసారే వినబడింది.

వ్యాను బయట వేపచెట్టు కింద ఉంది. వచ్చి తలుపులు వేసి తీసి, గోడలు తట్టి చూడండి. వెనక కుడి తలుపులో గతుకు పడినప్పుడల్లా ఒక కిర్రు ఉంది. కీలుకు నూనె వేశాను, బీడింగు మార్చాను, గొళ్లానికి ట్యూబు ముక్క చుట్టాను. ఇంకా ఉంది. మేస్త్రీ గారు గొళ్లమే అంటున్నారు, నాకు కీలు మీదే అనుమానం. ఎవరి చెవి చురుకైనదో వాళ్లు నాతో పాటు వెనక ఎక్కండి, వారధి దాకా వెళ్లొద్దాం.